గణకయంత్రముల పరకాయప్రవేశము



నేఁడు నేను మీకు విన్నవింపఁబోవునది రాజుల చరిత్రము గాదు, దేవాలయముల చరిత్రమును గాదు. కంప్యూటరు అని మనమందఱము పిలుచుచున్న గణకయంత్రమునకు సంబంధించినది. వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన తెలుఁగు పంతులునకు యంత్రముల గొడవ యేల యని మీకుఁ దోఁపవచ్చును. అందుకు సమాధానముగా ముందు నా కథ యొకటి చెప్పి, పిమ్మటఁ జరిత్రములోనికి వత్తును.

నేను బడిపంతులుగా నున్న కాలమునఁ బ్రతి వేసవిలోను మా చుట్టుపట్ల గ్రామములు తిరుగుచుండెడివాఁడను. గుడిగోడలమీఁది శాసనములు, ఇంటిపేరుల వృత్తాంతములు, ఏ చెఱువు నెవరు త్రవ్వించిరో, ఏ తూము నెవరు కట్టించిరో ముసలివారు చెప్పిన మాటలు, ఇవన్నియు వ్రాసికొనుట నా వ్యసనము. 2003వ సంవత్సరమున నొక గణకయంత్రమును గొని, ఆ వ్రాఁతల నన్నిటిని నా చేతులతో నేనే దానిలోనికి నెక్కించితిని. తరువాత సేకరించినవానిని నేరుగా దానియందే వ్రాయుచుంటిని. నోటుపుస్తకములను చెదలు తినెను. యంత్రము కలదు గదా యని నేను చింతింపలేదు.

2017 వర్షకాలమున నొక పిడుగుపాటుతో నా యంత్రము మూగవోయెను. లోపలి హార్డుడిస్కు మాత్రము బ్రదికినది. క్రొత్త యంత్రమును దెప్పించి, ఆ డిస్కును దానికిఁ దగిలించి చూడఁగా ఫైళ్లన్నియు పేరుపేరునఁ గనఁబడినవి. తెఱచి చూచినచోఁ దెలుఁగక్షర మొక్కటియు లేదు. ఇంగ్లీషక్షరములు, చుక్కలు, గీఁతలు, బ్రాకెట్లు, అంతే. పట్టణములోని దుకాణదారు చూచి, "పంతులుగారూ, ఇవి పాతకాలపువి. అంతా మళ్లీ టైపు చేయించుకోవలసిందే" ననెను. ఏమి చూచి మరల టైపు చేయింతును? నాకు మాటలు చెప్పిన పెద్దలలో నప్పటికి బ్రదికియున్నవా రిద్దఱే. తక్కినవారి మాటలు ఆ డిస్కునందుఁ దప్ప భూమిమీఁద మఱెచ్చటను లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ చిక్కు విడిన విధము చివరఁ జెప్పెదను. అట్టి చిక్కు నాకొక్కనికే వచ్చినది గాదు. అఱువదియేండ్లకు ముందే అమెరికాలోని గొప్ప గొప్ప వ్యాపారసంస్థలకు వచ్చినది. దానిని వారు విప్పిన తీరే నేఁటి ప్రసంగవిషయము.

ముందుగా నొక్కమాట తెలిసికొనవలెను. గణకయంత్రమునకు దేహము వేఱు, దానిని నడపు ప్రాణము వేఱు. ఇనుము, రాగి, సిలికాను మున్నగువానితోఁ జేయఁబడినది దేహము. ఆ దేహమునకు హృదయమువంటిది ప్రాసెసరు. ప్రతి ప్రాసెసరునకు నొక పుట్టుభాష కలదు. ఒకదాని భాష వేఱొకదానికిఁ దెలియదు. తెలుఁగువాని యదలింపునకు నడచు నెద్దు, పరదేశి వచ్చి తన భాషలో నదలించినచో నిలువఁబడి చూచును గదా! అట్లే యిదియు. ఈ దేహము నేలు ప్రాణమునకు ఆపరేటింగు సిస్టము అని పేరు. మనము దానిని నిర్వాహకవ్యవస్థ యందము. ఉమ్మడికుటుంబమున ఇంటి పెద్ద యెవరి కెంత ధాన్యము కొలువవలెనో, ఏ బండి నెవరు తోలవలెనో నిర్ణయించునట్లు, యంత్రములోని జ్ఞాపకస్థలమును, కాలమును, డిస్కును ప్రోగ్రాములకుఁ బంచి పెట్టునది యిదియే. ఒక యింటి కట్టుబాట్లకు అలవాటుపడిన కోడలు వేఱొక యింట దిగ్భ్రమ చెందునట్లు, ఒక వ్యవస్థకై వ్రాసిన ప్రోగ్రాము వేఱొక వ్యవస్థయందుఁ బనిచేయదు. కావున యంత్రమును మార్చుట యనఁగాఁ బెట్టెను మార్చుట గాదు, కాఁపురమును మార్చుట.

ఇఁకఁ జరిత్రము. 1959 అక్టోబరులో ఐబీఎం అను అమెరికా సంస్థ 1401 అను యంత్రమును బ్రకటించెను. బ్యాంకులు, బీమా సంస్థలు, కర్మాగారములు దానిని జీతముల లెక్కలకును, సరకుల జాబితాలకును విరివిగాఁ దీసికొనెను. అట్టివి పదివేలకుఁ బైఁగా నమరెను. 1964 ఏప్రిల్ 7న ఆ సంస్థయే సిస్టము 360 అను క్రొత్త యంత్రవంశమును బ్రకటించెను. వృత్తమునందలి 360 భాగలవలె అన్ని దిక్కుల పనులకును బనికివచ్చునని యా పేరు. మొదట నాఱు యంత్రములు. చిన్నదానినుండి పెద్దదానివఱకు నన్నిటికి నొకే భాష. చిన్నయంత్రమును గొన్నవాఁడు రేపు వ్యాపారము పెరిగి పెద్దదానిని గొన్నచోఁ బాత ప్రోగ్రాములను వదలుకొన నక్కఱలేదు. ఇది గొప్ప యాలోచనయే. కాని యొక లోపమున్నది. ఈ క్రొత్త భాష 1401 భాష గాదు. వేలకొలఁది కార్యాలయములు ఏండ్లతరబడి వ్రాయించుకొన్న ప్రోగ్రాములు ఒక్క ప్రకటనతో నిరుపయోగములు కానున్నవి.

ఈ యదను కనిపెట్టి, హనీవెల్ అను పోటీసంస్థ అంతకుముందే, అనఁగా 1963 డిసెంబరులో, తన 200 అను యంత్రమును బ్రకటించియుండెను. 1401 కొఱకు వ్రాసిన ప్రోగ్రాములను దానికి మార్చియిచ్చు సాధనమునకు లిబరేటరు, అనఁగా విమోచకుఁడు, అని పేరు పెట్టిరి. ఐబీఎం ఖాతాదారులు పలువు రటువైపు చూడసాగిరి.

ఐబీఎం ఇంజనీర్లు దీనికిఁ గనిపెట్టిన యుపాయము మన పల్లెలలోని పగటివేషగాండ్ర విద్యవంటిది. సిస్టము 360లోని చిన్నయంత్రములలో, ప్రతి యాదేశమును లోపల నెట్లు నెఱవేర్పవలెనో తెలుపు సూక్ష్మశిక్ష యొకటి యుండెను. దానియందే 1401 నడవడికి సంబంధించిన శిక్షను గూడఁ జేర్చిరి. పాత ప్రోగ్రాము వచ్చినప్పుడు క్రొత్త యంత్రము 1401 వేషము కట్టును. ఆ ప్రోగ్రాము తాను స్వగృహముననే యున్నాననుకొని పని చేసికొనిపోవును. పైఁగా అసలు 1401 కంటె వేషధారియే త్వరగాఁ బని ముగించెను. దీనిని ఎమ్యులేషను, అనఁగా అనుకరణము, అందురు. యంత్రముకంటె యంత్రముకొఱకు మనుష్యుఁడు చేసిన వ్రాఁతకే విలువ యెక్కువ యని వ్యాపారలోకము గ్రహించిన ఘట్టమిది.

రెండవ ఘట్టము ఒక దేహమునఁ బెక్కు ప్రాణములు నిలిచిన కథ. ఆ దినములలో నొక మహాయంత్రముపై నొకరి పని ముగిసినఁగాని వేఱొకరి పని మొదలుపెట్టెడివారు కారు. 1961 నవంబరులో మసాచుసెట్సు సాంకేతికవిద్యాసంస్థలో కోర్బాటో అను నాచార్యుఁడు, కొందఱు ఒకేమాఱు ఒకే యంత్రమును వాడుకొనఁగల కాలవిభజన పద్ధతిని బ్రదర్శించెను. అదే విద్యాసంస్థ తన తరువాతి ప్రయత్నమునకు 1964లో ఐబీఎంను కాదని జనరల్ ఎలక్ట్రిక్ వారి యంత్రము నెన్నుకొనెను. ఐబీఎంకు ఇది తలవంపయ్యెను. కాలవిభజనకొఱకు పెద్ద వ్యవస్థ నొకదానిని వ్రాయింపఁ బెక్కుమందిని నియోగించిరి. అది చిక్కులఁబడి వెనుకఁబడెను. అదే సమయమున కేంబ్రిడ్జిలోని ఐబీఎం విజ్ఞానకేంద్రమున రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో అనువారు కొలఁదిమంది తోడివారితో వేఱొక త్రోవ త్రొక్కిరి.

వారి యాలోచన మిక్కిలి సులభము. ఒక యింటఁ బదిమందికి సర్దిచెప్పు పెద్ద నొకనిని నియమించుటకంటె, ఆ పదిమందిలోఁ బ్రతివానికిని 'ఈ యిల్లంతయు నీదే' యను భ్రాంతిని గల్పించినచో నేమి? ఆ భ్రాంతిని గల్పించు ప్రోగ్రామునకు సీపీ-40 అని పేరు. ఇది అసలు యంత్రమును దన చేతిలో నుంచుకొని, దానిపైఁ బదునాలుగు మిథ్యాయంత్రములను నిర్మించెను. ఒక్కొక్క మిథ్యాయంత్రమునకు 256 కిలోబైట్ల జ్ఞాపకస్థలమున్నట్లు చూపెను. ఒక్కొక్కదానియందు వేఱొక నిర్వాహకవ్యవస్థ నడువవచ్చును. ఒకటి కూలినను బ్రక్కనున్నదానికిఁ దెలియనైనఁ దెలియదు. 1967 జనవరిలో నిది పనిలోఁ బడెను. సత్రమున దిగిన ప్రతి బాటసారియు సత్రమంతయుఁ దనకే విడిచిరని తలఁచుచు సుఖముగా నిద్రించినట్లు, నిర్వాహకుఁ డొక్కఁడు మాత్రము మేల్కొని యెవరికిఁ గావలసినది వారికి నందించుచుండెను.

వేదాంతులు జగత్తును మిథ్య యనిరి. ఇచ్చట మనుష్యుఁడు మిథ్యను బుద్ధిపూర్వకముగా సృష్టించి దానిచేత నిజమైన పని చేయించుకొనెను. సీపీ-40 తరువాత సీపీ-67 వచ్చెను. 1972 ఆగస్టు 2న వీఎం/370 అను పేర ఐబీఎం దీనిని ఖాతాదారులకు బహిరంగముగాఁ బ్రకటించెను. కార్యాలయములకు దీనివలనఁ గలిగిన మేలు గమనింపుఁడు. పాతవ్యవస్థను ఒక మిథ్యాయంత్రమునందు నడపుచు జీతములిచ్చుకొనుచునే, ప్రక్కనున్న వేఱొక మిథ్యాయంత్రమునందుఁ గ్రొత్తవ్యవస్థను పరీక్షించుకొనవచ్చును. అంతయుఁ గుదిరిన పిమ్మటఁ గాఁపురము మార్చుకొనవచ్చును. పాతయిల్లు పడఁగొట్టి క్రొత్తయిల్లు కట్టువఱకు వానలోఁ దడియు నవస్థ తప్పెను. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు ఇట్టి మిథ్యాయంత్రమునకు మూఁడు లక్షణములు సూత్రీకరించిరి. మిథ్యాయంత్రమునందు ప్రోగ్రాము అసలు యంత్రమునందువలెనే నడువవలెను; యంత్రసంపదయంతయుఁ బర్యవేక్షకుని యధీనమున నుండవలెను; ఆదేశములలో నధికభాగము అడ్డులేక నేరుగా ప్రాసెసరుపైననే నెఱవేఱవలెను.

మూఁడవ ఘట్టము మన యిండ్లలోని చిన్నయంత్రములది. 1981 ఆగస్టు 12న ఐబీఎం పర్సనల్ కంప్యూటరును బ్రకటించెను. ఆ దేహమునకుఁ దొలుతనే మూఁడు ప్రాణములు ప్రకటింపఁబడినవన్న సంగతి పలువు రెఱుఁగరు. పీసీ డాస్, సీపీ/ఎం-86, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునఁ బుట్టిన పీ-సిస్టము. మొదటిదాని వెల 40 డాలర్లు. రెండవదాని వెల 240 డాలర్లు. జనులు దేనిని గొనిరో చెప్ప నక్కఱలేదు. అందఱును దానినే కొనఁగా, ప్రోగ్రాములు వ్రాయువారును దానికొఱకే వ్రాసిరి. ప్రోగ్రాము లుండుటచేత మఱింతమంది కొనిరి. గుణమునకుఁ దోడు వెలయు, వాడుకయుఁ జేరి విధి నిర్ణయించినవి.

1991లో ఫిన్లాండు దేశమున లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి తన యింటి యంత్రమునకుఁ దానే యొక వ్యవస్థ వ్రాయ మొదలిడి, ఆగస్టు 25న లోకమునకుఁ దెలిపెను. అదియే లినక్స్. దానిని రుచిచూడ నిచ్చగించినవారు పాతవ్యవస్థను వెంటనే వదలుకొనలేదు. అన్నదమ్ములు పాలు పంచుకొని నడుమ గోడ పెట్టుకొన్నట్లు డిస్కును రెండు భాగములు చేసి, ఒకదానఁ బాతదానిని, వేఱొకదాన లినక్సును నిలిపిరి. యంత్రమును వెలిగింపఁగానే లిలో యను చిన్న ప్రోగ్రాము ద్వారపాలకునివలె నిలిచి, 'నేఁడెవరి రాజ్యము?' అని యడుగును. ఇందు రెండు ప్రాణము లున్నను ఒకేమాఱు రెండును మేల్కొని యుండవు. ఒకటి లేవవలెనన్న వేఱొకటి నిద్రింపవలెను.

మహాయంత్రములవలె రెండును ఒకేమాఱు మేల్కొనఁజేయుట చిన్నయంత్రములయందుఁ గష్టమయ్యెను. ఆ ప్రాసెసర్ల భాష యిందుకొఱకు నిర్మింపఁబడినది గాదు. పెంటియం ప్రాసెసరును బరిశీలించిన యిద్దఱు పరిశోధకులు, పర్యవేక్షకుని కన్నుగప్పి జాఱిపోవు నాదేశములు 17 కలవని 2000లో వెల్లడించిరి. 1998లో కాలిఫోర్నియాలో స్థాపింపఁబడిన వీఎంవేర్ సంస్థవారు ఈ చిక్కునకు విఱుగుడు కనిపెట్టి, 1999లో దమ వర్క్‌స్టేషను ప్రోగ్రామును విడుదల చేసిరి. జాఱిపోవు నాదేశము లెదురైనప్పుడు వానిని అప్పటికప్పుడు నిరపాయకరములైన వేఱు మాటలలోనికి మార్చివేయుట వారి పద్ధతి. తరువాత 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ సంస్థలు ప్రాసెసర్లయందే యీ సౌకర్యమును జేర్చినవి.

కడపటి ఘట్టము ఆపిల్ సంస్థది. పరకాయప్రవేశవిద్యయం దా సంస్థకున్న యభ్యాసము మెండు. 1984లో వెలువడిన మెకింతోషు యంత్రమునకు హృదయము మోటరోలా 68000. 1994లో దానిని దీసి పవర్‌పీసీని, 2006లో దానిని దీసి ఇంటెలును, 2020లో దానినిఁ గూడఁ దీసి తన స్వంత ఎం1ను బెట్టెను. ఇట్లు మూఁడుమాఱులు గుండె మార్చినను బాత ప్రోగ్రాములు చావకుండ ప్రతిమాఱును ఒక యనువాదకుని నియోగించెను. 2006నాఁటి యనువాదకునకు రొసెట్టా యని పేరు. 1799లో ఈజిప్టునందు దొరికిన రొసెట్టా శిల మూఁడు లిపులలో నొకే శాసనమును గలిగియుండి, మఱచిపోయిన ప్రాచీనలిపిని జదువుటకుఁ దాళపుచెవి యయ్యెను. శాసనములతో జీవితము గడపిన నాకు ఆ పేరు వినఁగానే మనసు పొంగినది. అదే సంవత్సరము ఏప్రిల్‌లో బూట్ క్యాంపు అను సాధనము నిచ్చి, తన యంత్రముపై మైక్రోసాఫ్టువారి విండోసును గూడ నిలుపుకొన వీలు కల్పించెను.

ఇచ్చటనే మీరు గమనింపవలసిన సంగతి కలదు. ఆ రొసెట్టా యనువాదకుని 2011లో వెలువడిన వ్యవస్థనుండి తొలఁగించిరి. బూట్ క్యాంపు ఎం1 యంత్రములకుఁ బనికిరాదు. ఏటికి వేసిన వంతెన తీసివేయఁబడెను. అవతలియొడ్డున నున్న సామాను సమయమునకుఁ దెచ్చుకొన్నవాఁడు బాగుపడెను. వంతెనయే యిల్లనుకొని దానిమీఁదఁ గాఁపురము పెట్టినవాఁడు నష్టపడెను.

ఇఁక నా కథకు వత్తును. ఆ దసరాకు నా పూర్వశిష్యుఁ డొకఁడు, హైదరాబాదున నుద్యోగము చేయువాఁడు, మా యింటికి వచ్చి నా గోడు వినెను. డిస్కును దెఱచి చూచి నవ్వి, "మాస్టారూ, మీ వ్రాతలు ఎక్కడికీ పోలేదండి. వాటిని చదివే ఇల్లు మాత్రమే పోయింది. ఆ ఇల్లు మళ్లీ కడతాను" అనెను.

వాఁడు చెప్పిన కారణ మిది. నేను వాడిన పాత తెలుఁగు ఫాంటునందుఁ దెలుఁగక్షరములకు వేఱు సంఖ్యలు లేవు. ఇంగ్లీషక్షరముల గదులలోఁ దెలుఁగు బొమ్మలను గూర్చుండఁబెట్టిరి. లోపల నున్నది ఇంగ్లీషక్షరమే. ఫాంటు దానికిఁ దెలుఁగుచొక్కా తొడుగును. చొక్కా లేనిచోట అసలు రూపము బయటఁబడును. పైఁగా నేను వాడిన ప్రోగ్రాము క్రొత్తవ్యవస్థయందు నడువదు. వాఁడు క్రొత్తయంత్రమునం దొక మిథ్యాయంత్రమును సృష్టించి, నేను భద్రముగా దాఁచిన పాత సీడీలనుండి పాతవ్యవస్థను, ప్రోగ్రామును, ఫాంటును దానియందు నిలిపెను. ఒక గడియలో నా 2003నాఁటి యంత్రము క్రొత్తయంత్రపు గాజుఫలకముపై నొక కిటికీవలెఁ దెఱచుకొనెను. మా యూరి చెఱువు తూము వృత్తాంతము తెలుఁగక్షరములలోఁ గనఁబడెను. నా కన్నులు చెమర్చినవని చెప్పుటకు సిగ్గుపడను.

"నాయనా, ఇఁక భయము లేదు గదా?" అంటిని. వాఁడు, "లేదని అనకండి మాస్టారూ. ఈ లోపలి ఇల్లు కూడా ఎల్లకాలం నిలవదు. ఇది నిలిచి ఉండగానే అన్నీ యూనికోడులోకి మార్చుకోండి" అని హెచ్చరించిపోయెను. యూనికోడు అనఁగా లోకమునందలి లిపులకెల్ల నక్షరమున కొక సంఖ్య చొప్పున నేర్పఱచిన సర్వసామాన్యమైన పట్టిక. 1991లో వెలువడిన మొదటి కూర్పునందే మన తెలుఁగునకు స్థానము దొరకినది. ఏ యంత్రమైనను, ఏ వ్యవస్థయైనను ఆ సంఖ్యను జూచి 'క' ను 'క' గానే గుర్తించును.

నేను ఎనిమిది నెలలు కూర్చుండి ఆ పని చేసితిని. మార్చు ప్రోగ్రాము కలదు గాని, ఒత్తులను దాఱుమాఱు చేయును, బండిఱాను సాధురేఫము చేయును. ఒకవైపు పాతకిటికీ, ఒకవైపు క్రొత్తపుట పెట్టుకొని పంక్తిపంక్తియుఁ బోల్చి దిద్దితిని. 312 ఫైళ్లలో 303 దక్కినవి. తొమ్మిది మాత్రము డిస్కుననే చెడి తెఱచుకొనలేదు. వానిలో నొక చాకలిముసలమ్మ చెప్పిన గ్రామదేవతకథ యున్నది. ఆమె యప్పటికే గతించినది. ఆ కథ మఱి లేదు. మిగిలిన పెద్ద లిద్దఱిలో నొకరియింటికి పోయి, వారు నాకు చెప్పిన మాటలు వారికే చదివి వినిపించితిని. చెవులు వినరాని యా వృద్ధుఁడు రెండుమాఱులు చదివించుకొని, "అవునయ్యా, అది నా మాటే" యనెను.

ఇది మనకుఁ గ్రొత్త ధర్మము గాదు. తాటాకులు చెదలపాలగుచున్న కాలమున సి.పి. బ్రౌనుదొర (1798-1884) పండితులను బెట్టి కడపలో మన కావ్యములకుఁ గాగితపుఁ బ్రతులు వ్రాయించెను. తాటాకు పోయినను గ్రంథము నిలిచెను. దేహము పడిపోవును, యంత్రమైనను అంతే. మిథ్యాయంత్రములు, అనువాదకులు, వేషధారులు మనకు గడువు నిత్తురే గాని శాశ్వతత్వము నీయఁజాలరు. ఆ గడువులోపల వ్రాఁతను సర్వసామాన్యమైన లిపిలోనికి మార్చి, రెండుమూఁడు చోట్ల దాఁచుకొనుట మన పని.

మీ యిండ్లలోను బాత యంత్రము లుండును. వానిలో మీ తండ్రులు వ్రాసిన వంశవృక్షములో, పొలముల తగవుల కాగితములో, భజనపాటలో యుండవచ్చును. యంత్రము పాతదని పాతసామానులవానికి వేయుటకు ముందు, చదివిన పిల్లవాని నొకని పిలిచి దానిలో నేమున్నదో చూపింపుఁడని ప్రార్థించి విరమించుచున్నాను.